స్పర్శరహిత దూరమాపకాలు

స్పర్శరహిత దూరమాపకాలు అనగా ఒక వస్తువును తాకకుండానే అది ఎంత దూరంలో ఉన్నదో కొలిచే సాధనాలు. వీటిని వాడుకలో సెన్సర్లు అనీ, శాస్త్ర పరిభాషలో సంవేదకాలు అనీ అంటారు. ఇవి ధ్వని, కాంతి, రేడియో తరంగాలు, అయస్కాంత క్షేత్రం, విద్యుత్ క్షేత్రం వంటి మాధ్యమాలలో ఏదో ఒకదాని సహాయంతో పనిచేస్తాయి. కర్మాగారాలలో తొట్లలోని ద్రవమట్టం, గోతాములలోని సిమెంటు మట్టం, తిరుగుతున్న ఇరుసు కదలిక, క్రేనుల మధ్య దూరం, లోహపు పలకల మందం మొదలైనవాటిని తెలుసుకోవడానికి వీటిని ఉపయోగిస్తారు. హైదరాబాదులోని నాంపల్లిలో నిర్మించిన యాంత్రిక బహుళ అంతస్తుల కార్ల పార్కింగు భవనం ఈ సాధనాల అవసరాన్ని సామాన్యులు కూడా సులభంగా గ్రహించగల ఒక ఉదాహరణ.

తాకకుండా కొలవవలసిన అవసరం

దూరాన్ని కొలవడానికి స్కేలు, టేపు, కొలబద్ద, తాడుకు కట్టిన బరువు వంటివి ఏనాటినుండో ఉన్నాయి. పరిశ్రమలలో ఇవి పనికిరాని సందర్భాలు ప్రధానంగా నాలుగు.

* వస్తువు మిక్కిలి వేడిగా ఉన్నపుడు. కరిగిన ఉక్కు ఉష్ణోగ్రత సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్ పైన ఉంటుంది. దానిని తాకే కొలబద్ద ఎక్కువసేపు నిలువదు.
* వస్తువు మిక్కిలి వేగంగా కదులుతున్నపుడు. మనదేశపు విద్యుత్ కేంద్రాలలో టర్బైన్లు సాధారణంగా నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతాయి. 40 సెంటీమీటర్ల వ్యాసం గల ఇరుసు ఉపరితలం ఆ వేగంతో సెకనుకు 60 మీటర్లకు పైగా పరుగెత్తుతుంది. దానికి ఆనించిన ఏ వస్తువైనా కొద్దిసేపటికే అరిగిపోతుంది.
* వస్తువు ప్రమాదకరమైనదైనపుడు. ఆమ్లాలు, ద్రావణులు, పెట్రోలు వంటివాటిలో లోహపు కడ్డీని ముంచితే తుప్పు పట్టవచ్చు, నిప్పురవ్వ పుట్టవచ్చు. ఔషధ పరిశ్రమలో సరుకు కలుషితం కావచ్చు.
* వస్తువు మెత్తగానో, తడిగానో ఉన్నపుడు. రంగు ఆరని ఉపరితలం, రబ్బరు పలక, కాగితం వంటివి తాకగానే రూపం మారుతాయి. అపుడు కొలత వస్తువుది కాక, నొక్కుడుది అవుతుంది.

చరిత్ర

ధ్వనితో దూరాన్ని గ్రహించే విద్య ప్రకృతిలో గబ్బిలానికి ఉంది. ఇటలీ శాస్త్రవేత్త లాజారో స్పల్లాంజానీ 1790 దశకంలో చేసిన ప్రయోగాలలో గబ్బిలాలు చీకటిలో కళ్ళతో పనిలేకుండా ఎగురగలవనీ, చెవులు మూసినపుడు మాత్రం అడ్డంకులకు తగులుతాయనీ తేలింది. అవి మనిషి చెవికి వినబడని అతిధ్వనులను పంపి, వాటి ప్రతిధ్వనులను వింటాయని 1940 ప్రాంతంలో అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్, రాబర్ట్ గాలంబోస్ నిరూపించారు.

1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు పీడన విద్యుత్ ధర్మాన్ని కనుగొన్నారు. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుత్తు పుడుతుంది, విద్యుత్తును ప్రయోగిస్తే అవి కంపిస్తాయి. ఈ ధర్మం ఆధారంగా మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాల్ లాంజెవిన్ నీటిలో అతిధ్వనులను పుట్టించి జలాంతర్గాములను గుర్తించే పద్ధతిని రూపొందించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో రాడార్ అభివృద్ధి చెందింది. 1960లో థియోడర్ మైమన్ మొదటి లేజరును పనిచేయించాడు. ఈ మూడు విద్యలూ క్రమంగా కర్మాగారాలకు చేరాయి.

పరిశ్రమకోసమే పుట్టినది ప్రేరక సామీప్య స్విచ్చి. జర్మనీలోని బీఏఎస్ఎఫ్ రసాయన కర్మాగారంలో యాంత్రిక స్విచ్చుల అతుకులు తరచు పాడవుతుండగా, 1958లో మాన్‌హైమ్‌కు చెందిన పెప్పర్ల్ అండ్ ఫుక్స్ సంస్థలో వాల్టర్ పెర్స్, విల్‌ఫ్రీడ్ గేల్ దానికి ప్రత్యామ్నాయంగా ఈ స్విచ్చిని తయారుచేశారు.

తెలుగువారిలో అతిధ్వనులపై పరిశోధన చేసిన ప్రముఖుడు సూరి భగవంతం (1909–1989). కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన ఆయన అబిడ్స్‌కు చేరువలో, బషీర్‌బాగ్‌లో ఉన్న నిజాం కళాశాలలో చదివారు. తరువాత సి.వి.రామన్ వద్ద పనిచేసి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉంటూ, అతిధ్వని తరంగాల వలన కాంతి వివర్తనం చెందే తీరును తన సహచరులతో కలిసి పరిశీలించారు. ఆ తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ఆయన కృషి మౌలిక భౌతికశాస్త్రానికి చెందినదే కాని, దూరమాపక సాధనాల తయారీకి చెందినది కాదు.

మూల సూత్రాలు

ఈ సాధనాలు ఎన్ని రకాలుగా ఉన్నా, వాటి వెనుక ఉన్న సూత్రాలు ప్రధానంగా మూడు.

ప్రతిధ్వని కాలం

తరంగాన్ని పంపి, అది వస్తువుకు తగిలి తిరిగివచ్చేవరకు పట్టిన కాలాన్ని కొలుస్తారు. తరంగం పోను, రాను రెండుసార్లు ప్రయాణిస్తుంది కనుక,

దూరం = (తరంగ వేగం × కాలం) ÷ 2

గాలిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఒక మీటరు దూరంలోని వస్తువు నుండి ప్రతిధ్వని రావడానికి సుమారు 5.8 మిల్లీసెకన్లు పడుతుంది. దీనిని సాధారణ ఎలక్ట్రానిక్ గడియారం కూడా సులభంగా కొలవగలదు. అదే కాంతికి, రేడియో తరంగాలకు ఒక మీటరు దూరం పోయిరావడానికి పట్టే కాలం 6.7 నానోసెకన్లు మాత్రమే. ఒక మిల్లీమీటరు తేడాను గుర్తించాలంటే 6.7 పికోసెకన్ల తేడాను, అనగా సెకనులో లక్షకోట్ల వంతులు ఆరేడింటిని పసిగట్టాలి. అతిధ్వని సాధనాలు చౌకగాను, లేజర్, రాడార్ సాధనాలు ఖరీదుగాను ఉండడానికి ఇది ఒక కారణం.

త్రిభుజీకరణం

ఒక భుజం పొడవు, దాని రెండు చివరల కోణాలు తెలిస్తే త్రిభుజంలోని మిగిలిన భుజాలను లెక్కకట్టవచ్చు. లేజర్ సాధనం వస్తువుపై ఒక చుక్క వెలుగును వేస్తుంది. దాని పక్కనే కొద్ది దూరంలో ఉన్న కటకం ఆ చుక్కను ఒక కాంతిగ్రాహక పలకపై చూపుతుంది. వస్తువు దగ్గరకు జరిగితే పలకపై చుక్క ఒక వైపుకు, దూరం జరిగితే మరొక వైపుకు కదులుతుంది. ఆ కదలిక నుండి దూరాన్ని లెక్కిస్తారు.

ఈ సూత్రం దక్కనుకు కొత్తది కాదు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో ప్రారంభించిన మహా త్రికోణమితీయ సర్వే ఇదే పద్ధతిలో హైదరాబాదు రాజ్యం గుండా సాగింది. 1815లో బీదరు వద్ద ఒక ఆధార రేఖను గొలుసులతో కొలిచారు. 1818లో జార్జ్ ఎవరెస్ట్ లాంబ్టన్‌కు సహాయకుడిగా నియమితుడయ్యాడు. అక్కడ ఆధార రేఖ మైళ్ళ పొడవు, ఇక్కడ కొన్ని సెంటీమీటర్లు. లెక్క మాత్రం ఒక్కటే.

క్షేత్రంలో మార్పు

తీగచుట్ట చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని గాని, పలక ముందు విద్యుత్ క్షేత్రాన్ని గాని ఏర్పరచినపుడు, ఆ క్షేత్రంలోకి వచ్చిన వస్తువు దానిలో మార్పు తెస్తుంది. మార్పు పరిమాణాన్ని బట్టి దూరాన్ని అంచనా కడతారు. ఇక్కడ ప్రతిధ్వని గాని, కాలం గాని ఉండవు. ఈ పద్ధతి కొద్ది మిల్లీమీటర్ల నుండి కొన్ని సెంటీమీటర్ల వరకు మాత్రమే పనిచేస్తుంది.

రకాలు

అతిధ్వని సాధనాలు

మనిషి చెవికి సుమారు 20 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం వరకు వినబడుతుంది. ఈ సాధనాలు దానికి పైన, తరచుగా 40 కిలోహెర్ట్జ్ లేదా అంతకు మించిన పౌనఃపున్యంలో పనిచేస్తాయి. గాలిలో 40 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 8.6 మిల్లీమీటర్లు. వస్తువు రంగు, పారదర్శకత వీటికి పట్టవు. గాజు సీసానైనా, మంచినీటినైనా సమానంగా గుర్తిస్తాయి. నీటి తొట్లు, మురుగునీటి శుద్ధి కేంద్రాలు, కాలువలలో ఇవి విరివిగా ఉంటాయి.

వీటికి ఒక గుడ్డి ప్రాంతం ఉంటుంది. ధ్వనిని పంపిన పలక వెంటనే ఆగదు, మోగించిన గంటలాగా కొద్దిసేపు కంపిస్తూనే ఉంటుంది. ఆ సమయంలో వచ్చిన ప్రతిధ్వనిని అది వినలేదు. ఒక మిల్లీసెకను పాటు కంపిస్తే సుమారు 17 సెంటీమీటర్ల లోపలి వస్తువులు దానికి తెలియవు. కనుక తొట్టి నిండినపుడు కూడా ద్రవమట్టానికి, సాధనానికి మధ్య అంతకు మించిన ఎడం ఉండేట్లు బిగించాలి.

రాడార్ సాధనాలు

ఇవి రేడియో తరంగాలను పంపుతాయి. కర్మాగారాలలో 6, 26, 80 గిగాహెర్ట్జ్ ప్రాంతపు పౌనఃపున్యాలు వాడుకలో ఉన్నాయి. పౌనఃపున్యం పెరిగినకొద్దీ తరంగం సన్నని పుంజంగా సాగుతుంది. సుమారు 8 సెంటీమీటర్ల యాంటెన్నాతో 26 గిగాహెర్ట్జ్ పుంజం 10 డిగ్రీల మేర విచ్చుకుంటే, 80 గిగాహెర్ట్జ్ పుంజం 3 డిగ్రీల మేరకే విచ్చుకుంటుంది. 20 మీటర్ల లోతున మొదటిదాని వెడల్పు మూడున్నర మీటర్లు, రెండవదాని వెడల్పు ఒక మీటరు. తొట్టిలో నిచ్చెనలు, కలిపే రెక్కలు, గొట్టాలు ఉన్నపుడు ఈ తేడా చాలా ముఖ్యం.

కాలాన్ని నేరుగా కొలవడం కష్టం కనుక చాలా రాడార్ సాధనాలలో ఒక ఉపాయాన్ని అనుసరిస్తారు. పంపే తరంగపు పౌనఃపున్యాన్ని క్రమంగా పెంచుతూ పోతారు. ప్రతిధ్వని వచ్చేసరికి పంపుతున్న తరంగం పౌనఃపున్యం కొంత పెరిగి ఉంటుంది. రెండింటి తేడా దూరానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదాహరణకు, ఒక మిల్లీసెకనులో పౌనఃపున్యాన్ని ఒక గిగాహెర్ట్జ్ మేర పెంచితే, 15 మీటర్ల దూరంలోని వస్తువు నుండి వచ్చిన ప్రతిధ్వనికి తేడా 100 కిలోహెర్ట్జ్ ఉంటుంది. పికోసెకన్లను కొలవడం కంటె కిలోహెర్ట్జులను లెక్కించడం ఎంతో తేలిక.

దుమ్ము, ఆవిరి, ఉష్ణోగ్రత, పీడనం రాడార్‌ను పెద్దగా బాధించవు. వస్తువు రోధక స్థిరాంకం మాత్రం ముఖ్యం. రోధక స్థిరాంకం 2 ప్రాంతంలో ఉండే పెట్రోలు వంటి ద్రవాల ఉపరితలం తనపై పడిన శక్తిలో సుమారు 3 శాతాన్ని మాత్రమే పరావర్తనం చేస్తుంది. నీటి నుండి వచ్చే ప్రతిధ్వని దీనికంటె ఎన్నోరెట్లు బలంగా ఉంటుంది.

లేజర్ సాధనాలు

తక్కువ దూరాలకు త్రిభుజీకరణ పద్ధతిని, పదుల మీటర్లు దాటిన దూరాలకు కాంతి ప్రయాణ కాలాన్ని కొలిచే పద్ధతిని వాడతారు. త్రిభుజీకరణ సాధనాలు మిల్లీమీటరులో వందవ వంతు, అంతకంటె చిన్న తేడాలను కూడా గుర్తించగలవు. ఎర్రగా కాలిన ఉక్కు తానే ఎర్రని కాంతిని, పరారుణ కిరణాలను వెదజల్లుతుంది కనుక, దానిపై ఎర్రని లేజరు చుక్కను వేరుచేయడం కష్టమవుతుంది. అటువంటి చోట్ల నీలి లేజరును, ఇతర రంగులను అడ్డుకునే వడపోత గాజును వాడతారు. పొగమంచు, దట్టమైన దుమ్ము, కటకంపై పేరుకున్న మురికి లేజరుకు శత్రువులు. అద్దంలాంటి మెరుపు గల ఉపరితలాలు కాంతిని వేరే దిశకు పంపివేస్తాయి.

ప్రేరక సాధనాలు

తీగచుట్టలో ఎక్కువ పౌనఃపున్యం గల ప్రవాహాన్ని పంపితే, దాని ఎదుటకు వచ్చిన లోహంలో సుడి ప్రవాహాలు పుడతాయి. అవి చుట్టలోని శక్తిని కొంత హరిస్తాయి. ఆ నష్టాన్ని గుర్తించి సాధనం లోహం ఉనికిని తెలుపుతుంది. ఇవి లోహాలను మాత్రమే గుర్తిస్తాయి. నూనె, నీరు, దుమ్ము వీటిని బాధించవు. వీటి పరిధిని మెత్తని ఉక్కుతో నిర్ణయిస్తారు. అల్యూమినియం, ఇత్తడి వంటి లోహాలకు అది సగానికి లోపుగా తగ్గుతుంది, రాగికి మూడవ వంతు ప్రాంతానికి పడిపోతుంది. ఉక్కును 10 మిల్లీమీటర్ల దూరంలో గుర్తించే సాధనం అల్యూమినియంను సుమారు 4 మిల్లీమీటర్ల వద్ద గాని గుర్తించదు. రైల్వేలో ఇరుసులను లెక్కించే పరికరాలు కూడా చక్రం దగ్గరకు వచ్చినపుడు అయస్కాంత క్షేత్రంలో కలిగే మార్పును ఆధారం చేసుకుంటాయి.

ఉన్నదా, లేదా అని కాక, ఎంత దూరమో ఖచ్చితంగా తెలిపే సుడి ప్రవాహ సాధనాలు టర్బైన్లకు బిగిస్తారు. ఇవి ఇరుసుకు, బేరింగుకు మధ్య గల సన్నని ఎడాన్ని నిరంతరం గమనిస్తాయి. వాడుకలో ఉన్న ఒక రకం సాధనం ఒక మిల్లీమీటరు మార్పుకు సుమారు 8 వోల్టుల మార్పును ఇస్తుంది. అనగా మైక్రోమీటర్ల కదలిక కూడా మిల్లీవోల్టులలో కనబడుతుంది.

కెపాసిటివ్ సాధనాలు

రెండు పలకల మధ్య కెపాసిటెన్స్ వాటి దూరానికి విలోమానుపాతంలో ఉంటుంది, మధ్యనున్న పదార్థపు రోధక స్థిరాంకంపై కూడా ఆధారపడుతుంది. గాలికి అది సుమారు 1, నీటికి సుమారు 80. కనుక ప్లాస్టిక్ తొట్టి గోడ వెలుపల నుండే లోపల నీరు ఉన్నదీ లేనిదీ ఇవి చెప్పగలవు. లోహాలతో పాటు ధాన్యం, చెక్క, కాగితం, ప్లాస్టిక్ కూడా వీటికి తెలుస్తాయి. గాలిలో తేమ మారినపుడు మాత్రం తడబడే అవకాశం ఉంది.

గామా కిరణ సాధనాలు

తొట్టి ఒక వైపున సీసియం-137 లేదా కోబాల్ట్-60 మూలకాన్ని, ఎదురుగా గ్రాహకాన్ని అమరుస్తారు. మధ్యలో పదార్థం పెరిగినకొద్దీ గ్రాహకానికి చేరే కిరణాలు తగ్గుతాయి. ఉక్కు పోత అచ్చులలోను, గోడ మందంగా ఉన్న పాత్రలలోను వీటిని వాడతారు. మనదేశంలో వీటి వినియోగం అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణకు లోబడి ఉంటుంది.

నాంపల్లిలో

నాంపల్లి మెట్రో స్టేషను సమీపంలో సుమారు అర ఎకరం స్థలంలో హైదరాబాద్ మెట్రో రైల్ సంస్థ ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో ఒక యాంత్రిక పార్కింగు భవనాన్ని చేపట్టింది. ఇందులో 15 అంతస్తులు ఉండగా, 10 అంతస్తులు పార్కింగుకు, 5 అంతస్తులు వాణిజ్యానికి ఉద్దేశించారు. సుమారు 250 కార్లు, 200 ద్విచక్ర వాహనాలు పట్టేట్లు దీనిని రూపొందించారు. అబిడ్స్, నాంపల్లి, కోఠి ప్రాంతాలలో వాహనం నిలుపుకునే చోటు దొరకడం ఎంత కష్టమో తెలిసినవారికి దీని అవసరం వివరించనక్కరలేదు. ఏటా జనవరిలో ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ జరిగే రోజులలో ఆ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

ఇటువంటి భవనంలో డ్రైవరు కారును కింది అంతస్తులో తిరిగే పళ్ళెంపై వదిలి బయటకు వస్తాడు. తరువాత కారు కొలతలను యంత్రమే పరిశీలించి, అది పొట్టి కారా, ఎత్తైన కారా అని నిర్ణయించి, తగిన అరకు చేర్చుతుంది. అక్కడినుండి మనిషి చేయి లేదు. కనుక తాకకుండా కొలిచే సాధనాలే యంత్రానికి కళ్ళు. సాధారణంగా ఈ తరహా వ్యవస్థలలో అవి చేయవలసిన పనులు ఇవి:

* కారు పొడవు, వెడల్పు, ఎత్తు అరలో పట్టే పరిమితిలో ఉన్నాయా అని చూడడం. పైకప్పు మీద సామాను, తెరచి ఉన్న డిక్కీ, ముడవని పక్క అద్దం కూడా ఎత్తును, వెడల్పును మార్చివేస్తాయి.
* కారు పళ్ళెం మధ్యలో సరిగా నిలిచిందా అని చూడడం.
* పళ్ళెం చుట్టూ మనుషులు లేరని నిర్ధారించుకోవడం.
* లిఫ్టు అంతస్తు మట్టానికి సరిగా చేరిందా, పక్కకు జరిగే పలక అరలోకి పూర్తిగా వెళ్ళిందా అని తెలుసుకోవడం.

ఈ పనులకు ఒకే రకం సాధనం చాలదు. కారు ఆకారానికి లేజరు లేదా కాంతి తెరలు, పలకల ఉనికికి ప్రేరక స్విచ్చులు, లిఫ్టు ఎత్తుకు లేజర్ దూరమాపకాలు అనుకూలం. నల్లని కారు కాంతిని తక్కువగా పరావర్తనం చేస్తుంది, అద్దాలు కాంతిని తమ గుండా పోనిస్తాయి. అందువలన ఒక్క కాంతి పుంజంపై ఆధారపడడం మంచిది కాదు.

నాంపల్లి రైల్వే స్టేషను (అధికారికంగా హైదరాబాద్ దక్కన్) పట్టాలు ముగిసే చివరి స్టేషను. 2024 జనవరి 10 ఉదయం చెన్నై నుండి వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారం చివర ఆగవలసిన చోట ఆగక ముందుకు వెళ్ళి గోడకు తగిలింది. మూడు బోగీలు పట్టాలు తప్పాయి, కొందరు ప్రయాణికులు గాయపడ్డారు. పట్టాలు ముగిసే స్టేషనులో మిగిలిన దూరం అనే సంఖ్య ఎంత విలువైనదో ఈ సంఘటన తెలియజేస్తుంది. రైలు తన స్థానాన్ని తాను తెలుసుకునేందుకు భారతీయ రైల్వే రూపొందించిన కవచ్ వ్యవస్థలో, పట్టాల మధ్య బిగించిన రేడియో బిళ్ళలను ఇంజను తాకకుండా చదువుతుంది. రెండు బిళ్ళల నడుమ దూరాన్ని చక్రాల చుట్ల నుండి లెక్కిస్తుంది. ఈ వ్యవస్థకు తొలి పరీక్షలు దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి.

తెలుగు రాష్ట్రాల పరిశ్రమలలో

* ఉక్కు: విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ కొలిములు ఉన్నాయి. ఈ రకం కొలిములలో పైనుండి వేసిన ముడి ఇనుము, కోక్ మట్టాన్ని తెలుసుకోవడానికి పూర్వం గొలుసుకు వేలాడే బరువులను దించేవారు. దుమ్ము, వేడిమిలో కూడా పనిచేయగలిగిన రాడార్ సాధనాలు ఈ పనికి ప్రపంచవ్యాప్తంగా వాడుకలోకి వచ్చాయి.
* విద్యుత్తు: రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, ముద్దనూరు వంటి థర్మల్ కేంద్రాలలో బొగ్గు బంకర్ల మట్టం, బూడిద మట్టం, టర్బైను ఇరుసు కదలిక నిరంతరం తెలియాలి.
* సిమెంటు: సూర్యాపేట జిల్లాలోని హుజూర్‌నగర్, మట్టంపల్లి ప్రాంతం, తాండూరు, తాడిపత్రి, ఎర్రగుంట్ల సిమెంటుకు పేరుపొందాయి. సిమెంటు గోతాములలో లేచే దుమ్ములో ధ్వని, కాంతి రెండూ బలహీనమవుతాయి. అక్కడ రాడార్ మేలు.
* ఔషధాలు: జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలలో మండే ద్రావణుల వాడకం ఎక్కువ. అటువంటి చోట బిగించే సాధనం లోపల చెడిపోయినపుడు కూడా నిప్పురవ్వ పుట్టించనిదిగా ధ్రువీకరించబడి ఉండాలి.
* నదులు: కేంద్ర జల సంఘం తన స్వయంచాలిత వరద కేంద్రాలలో రాడార్ మట్ట మాపకాలను కూడా వాడుతుంది. వంతెనపై నుండి కిందికి చూసే ఈ సాధనం వరదలో కొట్టుకుపోదు, బురదలో కూరుకుపోదు. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీచేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల మట్టం నమోదయింది. హెచ్చరికల మధ్య ఉన్నది అయిదేసి అడుగులే కనుక, మట్టం కొలతలో ఒక అడుగు దోషం కూడా ఊళ్ళు ఖాళీచేయించే నిర్ణయాన్ని తారుమారు చేయగలదు.

దోషాలు

అతిధ్వని సాధనాలకు ఉష్ణోగ్రత ప్రధాన సమస్య. ఒక డిగ్రీ పెరిగితే గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. హైదరాబాదు మే నెల ఎండలో 42 డిగ్రీల వద్ద అది సుమారు 357 మీటర్లు, శీతాకాలపు తెల్లవారుజామున 12 డిగ్రీల వద్ద సుమారు 339 మీటర్లు. 343 మీటర్ల వేగాన్నే నమ్ముకున్న సాధనం 5 మీటర్ల దూరాన్ని వేసవిలో 4.80 మీటర్లుగా, చలికాలంలో 5.06 మీటర్లుగా చూపుతుంది.

ఈ దోషం ఏ దిశలో ఉన్నదో గమనించవలసి ఉంది. సాధనం తొట్టి పైభాగాన ఉంటుంది కనుక దూరం తక్కువగా కనబడితే మట్టం ఎక్కువగా ఉన్నట్లు తోస్తుంది, పంపు ముందుగానే ఆగుతుంది. దూరం ఎక్కువగా కనబడితే మట్టం తక్కువగా ఉన్నట్లు తోస్తుంది, తొట్టి నిండినా పంపు ఆగదు. అంటే వేసవిలోని 20 సెంటీమీటర్ల దోషం కంటె చలికాలంలోని 6 సెంటీమీటర్ల దోషమే ప్రమాదకరం. ఈ కారణంగా చాలా సాధనాలలో ఉష్ణోగ్రతను కూడా కొలిచి వేగాన్ని సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. తొట్టిలో గాలికి బదులు ద్రావణి ఆవిరి నిండి ఉంటే ధ్వని వేగమే మారిపోతుంది కనుక ఆ సవరణ కూడా చాలదు.

ఇతర సాధారణ దోషాలు: నురుగు ధ్వనిని పీల్చుకోవడం, గోడలు, గొట్టాల నుండి దొంగ ప్రతిధ్వనులు రావడం, వాలుగా ఉన్న ఉపరితలం తరంగాన్ని పక్కకు మళ్ళించడం, పక్కపక్కనే ఉన్న రెండు సాధనాలు ఒకదాని ప్రతిధ్వనిని మరొకటి వినడం, సాధనం ముఖంపై తేమ, ధూళి పేరుకోవడం.

భద్రత

సాధనం చూపే అంకె నిలకడగా ఉండడం అది సరైనదనడానికి రుజువు కాదు. దీనికి ప్రసిద్ధ ఉదాహరణ ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు నిల్వ కేంద్రం. 2005 డిసెంబరు 10 రాత్రి అక్కడి ఒక పెట్రోలు ట్యాంకు నింపుతుండగా, మట్టాన్ని చూపే యాంత్రిక సాధనం మధ్యలో అతుక్కుపోయింది. పెట్రోలు లోపలికి వస్తూనే ఉన్నా, తెరపై మట్టం కదలలేదు. ప్రమాద మట్టం వద్ద సరఫరాను ఆపవలసిన వేరొక స్విచ్చి కూడా పనిచేయలేదు. ట్యాంకు పొంగి ఆవిరి మేఘంగా వ్యాపించి, 11వ తేదీ ఉదయం 6 గంటల ప్రాంతంలో పేలింది. 43 మంది గాయపడ్డారు. అది ఆదివారం తెల్లవారుజాము కావడంతో ప్రాణనష్టం జరగలేదు.

ఈ ప్రమాదం నుండి పరిశ్రమలు గ్రహించిన పాఠాలు ఇవి. మట్టాన్ని చూపే సాధనం, ప్రమాదాన్ని ఆపే సాధనం వేర్వేరుగా, వీలైతే వేర్వేరు సూత్రాలపై పనిచేసేవిగా ఉండాలి. రెండింటినీ నియమిత కాలంలో పరీక్షించాలి. లోపలికి వచ్చిన ద్రవ పరిమాణానికి, మట్టంలో పెరుగుదలకు పొంతన ఉన్నదా అని పోల్చిచూడాలి.

సంకేతాన్ని పంపే పద్ధతిలో కూడా భద్రత ఇమిడి ఉంది. పరిశ్రమలలో సాధారణంగా 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహాన్ని వాడతారు. ఖాళీ తొట్టికి 4, సగం నిండితే 12, పూర్తిగా నిండితే 20. ఖాళీకి సున్నాను ఎంచుకోకపోవడానికి కారణం ఉంది. తీగ తెగిపోతే ప్రవాహం సున్నా అవుతుంది. అపుడు నియంత్రణ గదిలోని వ్యక్తికి తొట్టి ఖాళీ అయిందని కాక, సాధనం మూగబోయిందని తెలుస్తుంది.

ఎంపిక

* ద్రవమట్టం, శుభ్రమైన గాలి, సాధారణ ఉష్ణోగ్రత: అతిధ్వని సాధనం
* దుమ్ము, ఆవిరి, ఎక్కువ వేడిమి లేదా పీడనం: రాడార్
* ఎక్కువ సూక్ష్మత, చిన్న గురి: లేజరు
* లోహపు భాగాల ఉనికి, నూనె, మురికి: ప్రేరక సాధనం
* తిరిగే ఇరుసు కదలిక: సుడి ప్రవాహ సాధనం
* లోహేతర పదార్థాలు, ప్లాస్టిక్ గోడ వెలుపలి నుండి గుర్తింపు: కెపాసిటివ్ సాధనం
* వేరే దారి లేనంత కఠిన పరిస్థితులు: గామా కిరణ సాధనం

ఇవి కూడా చూడండి

* అతిధ్వనులు
* రాడార్
* లేజర్
* సూరి భగవంతం
* మహా త్రికోణమితీయ సర్వే
* నాంపల్లి
* విశాఖపట్నం ఉక్కు కర్మాగారం